సవతిని వెదకబోయిన ఎండాకాలం

పోయిన నెల మా ఈరమ్మ పోయింది. పలకరించడానికి వచ్చినవాళ్లలో సగం మందికి నాతో ఏం మాట్లాడాలో తెలియలేదు. పాతవాళ్లు నా చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చున్నారు. మా వీధికి కొత్తగా కాపురానికి వచ్చిన ఒక అమ్మాయి మాత్రం, పాపం తెలియక, "పోయినామె నీకేమైతాది అవ్వా, చెల్లెలా?" అని అడిగింది. అవునన్నాను. అది అబద్ధమేమీ కాదు. యాభై ఏళ్లకు పైగా ఒకే పొయ్యి మీద వండుకున్నాం, ఒకరి తలలో ఒకరు పేలు చూసుకున్నాం, జ్వరమొస్తే ఒకరి నోట్లో ఒకరు గంజి పోసుకున్నాం. అయితే ఈరమ్మ నాకు చెల్లెలు కాదు, సవతి. నా భర్తకు రెండో పెళ్లాం. ఆమెను ఈ ఇంటికి తెచ్చింది మా అత్తా కాదు, ఆయనా కాదు. నుదుట బొట్టు పెట్టి, అడిగి, నా చేతులతో నేనే తెచ్చుకున్నాను. ఆమె మంచం ఇప్పుడు గోడకు నిలబెట్టి ఉంది. మధ్యాహ్నాలు పొద్దు జరగడం లేదు. అందుకే ఆ ఎండాకాలం గురించి రాద్దామని కూర్చున్నాను.

ఎమ్మిగనూరులో మా ఇల్లంటే మగ్గాల ఇల్లు. వాకిలి దాటగానే పొడుగాటి పడసాల, దాంట్లో గుంత మగ్గాలు. నేసేవాళ్లు గుంతలో కాళ్లు దించుకుని కూర్చుంటే నడుము పైభాగం మాత్రమే బయటికి కనపడేది. ఇంట్లో ఎప్పుడూ గంజి పులిసిన వాసన, తడి మన్ను వాసన, రంగుల ఘాటు. తెల్లవారకముందే పడుగులు, అంటే నిలువు పోగులు, వీధిలో చాపి గంజి పట్టించేవాళ్లు. ఎండ ముదిరితే నూలు పెళుసెక్కి పుటుక్కున తెగుతుందని ఎండాకాలంలో పని పొద్దున్నే ముగించేవాళ్లు. మా మామ ఎప్పుడో పోయాడు. మరిది ఇంకా చిన్నవాడు. ఇంటికి పెద్ద మా అత్తే. దవడలో పొగాకు పెట్టుకుని, మోకాళ్లకు ఆముదం రుద్దుకుంటూ, పడసాల మూలన కూర్చునే అన్ని మగ్గాల చప్పుడూ వినేది. ఏ మగ్గం ఆగినా, "యేమైందిరా ఆడ?" అని కేకేసేది. చూపు మందగించినా చెవి మందగించలేదు.

నేను బడికి పోయింది రెండేళ్లే, అదీ ఆదోనిలో. అక్షరాలు వచ్చాయి, అంతలోనే బడి ముగిసింది. తర్వాత నేను చదువుకున్నదంతా బెల్లం చుట్టిన కాగితాల్లో, చింతపండు కట్టిన కాగితాల్లో. పెళ్లయి ఎమ్మిగనూరు వచ్చాక, బజారులో ఒక గదిలో గ్రంథాలయం ఉందని తెలిసింది. ఆడవాళ్లు పోయేవాళ్లు కాదు. మా ఆయన తన పేరు మీద పుస్తకాలు తెచ్చి, నూలు గంపలో అడుగున పెట్టి ఇచ్చేవాడు. ఆయన పేరు మల్లప్ప. ఆయనకు సంతకం తప్ప ఏమీ రాదు. బీరువాలో ఈ చివర నుంచి మొదలుపెట్టి వరుసగా తెచ్చేవాడు, ఏది ఏమిటో చూడకుండా. అందుకని నేను కథలూ చదివాను, పురాణాలూ చదివాను, పశువుల రోగాల గురించీ, రష్యా దేశం గురించీ, తేనెటీగల పెంపకం గురించీ చదివాను. అత్త నిద్రపోయే మధ్యాహ్నం వేళ, ఖాళీగా ఉన్న మగ్గం గుంతలో కాళ్లు దించుకుని చదివేదాన్ని. ఇంట్లో అంతకంటే చల్లని చోటు లేదు. ఆ గది గ్రంథాలయంలో తెలుగు పుస్తకమన్నది ఏదీ నేను చదవకుండా మిగల్లేదని ఈ రోజుకూ గర్వంగానే చెప్పుకుంటాను.

పిల్లలు కాలేదు. ఏడాదికొకసారి మొక్కులు, తాయెత్తులు, వేపాకు కషాయాలు అన్నీ అయినాయి. ఆ ఉగాది దాటాక ఒకరోజు అత్త నన్ను పిలిచి కూర్చోబెట్టుకుంది. కోపంగా కాదు. అది ఇంకా కష్టం.

"మొదటిది ఇంట్లో ఏడుస్తాంటే రెండోదాన్ని యెవురిస్తారే? కొడుకు ముకం సూసి యెవురూ ఇయ్యరు. నువ్వు నవ్వుకుంట పోయి అడగల్ల. నువ్వే బొట్టు పెట్టల్ల. అప్పుడే పిల్లనిస్తారు."

అప్పట్లో మా వాళ్లలో ఆ పద్ధతి ఉండేది. రెండో సంబంధానికి మొదటి భార్యే మొగుడితో కలిసి ఊరూరూ తిరిగి పిల్లను చూడాలి. ఆమె సమ్మతి ఆమె నోటితోనే వినాలి. లేకపోతే రేపు ఆ ఇంట్లో కొట్లాటలేనని పిల్లవాళ్లు భయపడేవాళ్లు. మా అత్త ఇంకొకటి కూడా జోడించింది. పట్టెడు పడుగు నూలు, కాగితంలో బూడిద పొట్లం కట్టి నా చేతికిచ్చింది. కొత్త పడుగును మగ్గానికి ఎక్కించేటప్పుడు పాత పోగుల కొసలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటే కలిపి, వేళ్లకు బూడిద అద్దుకుని, మెలితిప్పి అతకాలి. ముడి వేయకూడదు. మా ఇళ్లల్లో అది ఆడవాళ్ల పని, చూసిన ప్రతి పిల్ల చేతా అది చేయించి చూడాలి. "పిల్ల ముకం నువ్వు సూడు, అతుకు వాడు సూస్తాడు. మృగశిర కార్తె లోపల తేల్చుకుని రండి. వానొస్తే మగ్గం గుంతల్లో నీళ్లూరి పనాగుతాది. అప్పుడు పెండ్లి పెట్టుకుందాం," అంది. చుట్టాలున్న ఊళ్లన్నీ వరుసగా చెప్పింది. ఆయన తలవంచుకుని విన్నాడు. ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురు చెప్పిన మగవాణ్ణి నేను చూడలేదు.

అట్లా పెళ్లయినాక మొట్టమొదటిసారి నేనూ ఆయనా ఇద్దరమే ఊరు దాటాం. నందవరం పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుని నేను మొహానికి కొంగు కప్పుకుని ఏడుస్తూనే ఉన్నాను. ఆయన ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. మగ్గం మీద లేనప్పుడు ఆ చేతులకు ఏం చేయాలో తెలిసేది కాదు. కొంచెంసేపటికి బస్సు కుదుపుల్లో నాకు ఏడవడం కూడా చేతకాలేదు. బయట నల్లరేగడి నేల నోరు తెరుచుకుని ఉంది. పత్తి కట్టెలు పీకేసిన చేలల్లో సుడిగాలి లేస్తోంది.

నందవరంలో ఆయన మేనమామ ఇంట్లో దిగాం. ఆ సాయంత్రమే పిల్లను చూపించారు. అత్త నేర్పినట్టు నేను నవ్వుకుంటూనే కూర్చున్నాను. దవడలు నొప్పి పుట్టాయి. పిల్ల చామనచాయగా, నెమ్మదిగా ఉంది. బూడిద అద్దుకుని పోగులు అతికింది. చక్కటి అతుకు. నాకంటే బాగా చేసింది. దాన్ని మా ఆయన చేతికి ఇచ్చారు. ఆయన వెలుతురు వైపు తిరిగి చూశాడు, రెండు చేతుల్తో పట్టుకుని మెల్లగా లాగాడు. అప్పుడు చూశాను, ఎడమ బొటనవేలి గోరు అతుకు మీద నొక్కిపెట్టి ఉంది. పోగు తెగింది.

"నిల్చల్యా," అన్నాడు, మొహంలో ఏ మార్పూ లేకుండా. మేనమామ నాలుక చప్పరించాడు. పిల్ల తలవంచుకుని లోపలికి పోయింది. నేను తెగిన పోగులు ఏరి పొట్లం కట్టుకున్నాను.

మరుసటి రోజు మేనమామకు తెలిసిన రైతు బండిలో తుంగభద్ర ఒడ్డుకు పోయాం. ఇసుకలో కళింగర పుచ్చకాయల తోట వేశారని, రెండు రోజులు ఉండి రమ్మని పంపారు. పైన డ్యాం కట్టినాక ఎండాకాలం ఏరు బాగా సన్నగిల్లిందని అక్కడి వాళ్లు చెప్పుకునేవాళ్లు. మోకాలి లోతు నీళ్లు, నల్లటి రాతి గుండ్లు, వాటి మీద కొంగలు. అన్ని నీళ్లు ఒకేచోట చూడటం నాకదే మొదలు. పుస్తకాల్లో నదుల గురించి ఎంత చదివినా కాళ్ల కింద ఇసుక జారిపోతుందని ఎవరూ రాయలేదు. రైతు ఒక కాయ పగలగొట్టి ఇచ్చి, దున్నపోతుల్ని తోలుకుని పోయాడు. ఆకుల పందిరి నీడలో ఇద్దరం కూర్చున్నాం.

"నువ్వు గోరు పెట్టినావు," అన్నాను.

"యాడ?"

"నిన్న. అతుకు మీద."

ఆయన గింజలు ఊసి, "సూసినావా?" అన్నాడు.

"ముందర కూసున్నదాన్ని, సూడకుండా యాడికి పోతా?"

"మామ సూసినాడా?"

"మామ బజ్జీలు సూస్తాండె."

ఆయన నవ్వాడు. పెళ్లయినాక ఆయన పళ్లన్నీ కనపడేలా నవ్వడం అప్పుడే చూశాను. ముందు పన్ను ఒకటి కొంచెం పక్కకు వాలి ఉంది. ఇన్నేళ్లు కాపురం చేసి అది చూడలేదని నాకే సిగ్గేసింది. మా ఇంట్లో అందరి ఎదుటా మొగుడూ పెళ్లాలు మొహాలు చూసుకుని మాట్లాడుకునే పద్ధతే లేదు.

ధైర్యం వచ్చి, "పేపర్లో సదివినా. రెండో పెండ్లి చేసుకుంటే జైల్లో పెడతారంట. సట్టముందంట," అన్నాను.

"జైలుకు పోతే మగ్గం యెవురు నేస్తారు?"

"నిజ్జంగానే."

"ఆ సట్టం రాసినోల్లు మా యమ్మను సూల్లేదు. సూసింటే ఆయమ్మకు బయపడి రాయకపోదురు."

నవ్వు ఆగాక ఇంకో మాట కూడా చెప్పాను. అది చెప్పడానికి నాకు ఆ ఏరంత ధైర్యం కావలసి వచ్చింది. ఆరోగ్యం గురించిన ఒక చిన్న పుస్తకంలో, పిల్లలు కాకపోవడానికి కారణం ఆడదానిలోనే ఉండాలని లేదు, మగవాడిలోనూ ఉండొచ్చు, ఇద్దరినీ పరీక్ష చేయాలి అని ఉంది. ఆ పేజీ చదివిన రోజు మగ్గం గుంతలో నుంచి లేవలేకపోయాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. చేతిలో మిగిలిన ముక్కను తొక్కదాకా గీరి తిన్నాడు. గుండు మీద నుంచి కొంగ లేచిపోయింది.

"అయింటే అయింటాది," అన్నాడు చివరికి. "అట్లయితే ఇంగొక పిల్లను తెచ్చి యేం లాబం? దాని బతుకూ పాయె."

"అత్తకు సెప్పుదామా?"

"మగోడు ఆ మాట తల్లితో యెట్ల సెప్తాడే?" అని తొక్క ఏట్లోకి విసిరాడు.

ఆ తర్వాత మేము ఒప్పందమంటూ ఏదీ చేసుకోలేదు. చేసుకోవలసిన అవసరం రాలేదు. ఊరూరూ తిరుగుతాం, ప్రతి పిల్లలోనూ ఏదో ఒక వంక వెదుకుతాం, మృగశిర వచ్చేదాకా ఎట్లాగో లాగుతాం, ఒట్టి చేతులతో ఇంటికి పోతాం. వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడు. అంతే.

కోడుమూరులో మా చిన్నమ్మ ఇల్లు. ఆమె నన్ను వాకిట్లోనే పట్టుకుని, "నీకేం కర్మమే, మొగునికి పిల్లను నువ్వే వెదకల్లనా," అని శోకాలు పెట్టింది. అక్కడ చూసిన పిల్ల అందగత్తె. అతుకు మా ఆయన గోరుకు కూడా తెగలేదు. గట్టి మెలి. ఆయన నావైపు చూశాడు. ఆ పిల్లది ఎడమచేతి వాటమని నేను అప్పటికే గమనించాను. "ఎడమ చేత్తో తిప్పిన మెలి తిరగబడతాది. నేసేటప్పుడు విప్పుకుంటాది. పుస్తకంలో సదివినా," అన్నాను. ఆ పుస్తకం లోకంలో ఎక్కడా లేదు. కానీ పుస్తకమనగానే అందరూ నమ్మారు. మా ఆయన దగ్గు వచ్చినట్టు తువాలు నోటికి అడ్డం పెట్టుకుని వాకిట్లోకి పోయాడు. పిల్ల తల్లి మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "పుస్తకాలు సదివే ఆడదానికి కడుపెట్ల పండుతాది లేమ్మా," అంది. ఆ మాటకు చిన్నమ్మ కూడా అడ్డం చెప్పలేదు. రొట్టె ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ఆ ఎండాకాలం నేను పడిన సంతోషమంతా ఇట్లాంటిదే, కిందనే ఒక ముల్లు దాచుకుని ఉండేది.

ఉరుకుందలో పిల్లలెవరూ లేరు చూడటానికి. ఈరన్నస్వామికి మొక్కుకుని రమ్మని అత్త చెప్పింది. జాతర శ్రావణంలో. ఎండాకాలంలో గుడి దగ్గర పెద్దగా జనం లేరు. టెంకాయ కొట్టి, గుడి వెనక వేపచెట్ల కింద కూర్చున్నాం. వేపపూత రాలి నేలంతా తెల్లగా ఉంది. ఆ చేదు వాసన నాకు ఇప్పటికీ ఇష్టం.

"యేం మొక్కుకున్నావు?" అని అడిగాడు.

"సెప్పగూడదు."

"నేను సెప్తా. ఈ యేడు వాన బాగా ఆలస్యంగా రావల్లని మొక్కుకున్నా."

పక్కనే పడుకున్న ఒక ముసలి రైతు దిగ్గున లేచాడు. "యేమప్పా, నీకు బుద్ధి గానీ ఉందా? వాన వద్దని మొక్కేటోన్ని ఈ సీమలో నిన్నే సూస్తి. యే ఊరప్పా నీది?" అని కర్ర ఎత్తాడు. ఇద్దరం లేచి పరుగులాంటి నడకతో రోడ్డు మీదికి వచ్చిపడ్డాం. నా జీవితంలో మొగుడితో కలిసి పరిగెత్తింది ఆ ఒక్కసారే.

రోహిణి కార్తెలో ఆదోని చేరాం. రోళ్లు పగిలే ఎండ. నేను పుట్టిన ఊరే అయినా నా వాళ్లెవరూ అప్పటికి అక్కడ మిగల్లేదు. చిన్నప్పటి స్నేహితురాలు కాశింబీ కొండ కింద కాపురముండేది. పత్తి మిల్లుల నుంచి ఎగిరొచ్చిన దూది ఆ వీధుల్లో మోరీల అంచున, గోడల పగుళ్లలో, మనుషుల కనురెప్పల మీద కూడా ఉండేది. కాశింబీ వసారాలో మాకు చోటిచ్చింది. అత్తకు తెలిస్తే బాగుండదని మొదటిపూట రాళ్లు పెట్టుకుని వేరే వండుకున్నాను. రెండోపూట నుంచి ఆమె చేసిన రొట్టెలే తిన్నాం. సంగతి చెబితే, "అరె పాగల్! సవతిని నువ్వే తెచ్చుకుంటవా? మా దాంట్లో నాలుగు చేసుకోవచ్చంటారు, మా ఆయన ఒక్కదానికే అన్నం పెట్టలేకపోతాండు," అని నుదురు కొట్టుకుంది. సాయంత్రాలు ముగ్గురం కొండ గుండ్ల మీదికెక్కి కూర్చునేవాళ్లం. బండలు చీకటి పడ్డా వేడిగానే ఉండేవి. కింద ఊళ్లో దీపాలు ఒకటొకటే వెలిగేవి. మృగశిరకు ఇంకెంతో లేదని ఎవరమూ అనలేదు.

ఆదోనిలో చూడవలసిన పిల్ల ఈరమ్మ. తల్లీతండ్రీ లేరు, పెదనాన్న ఇంట్లో పెరిగింది. ఈడు దాటిపోయిందని ఆ ఇంట్లో అందరూ ఆమె ఎదుటే చెప్పుకునేవాళ్లు. నల్లగా, పొడుగ్గా ఉంది, కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. పోగులు అతికింది. మా ఆయన అందుకున్నాడు. వెలుతురు వైపు తిరిగాడు.

"అప్పా, గోరు తగుల్తాంది. తీసి లాగు," అంది ఈరమ్మ.

గదిలో అందరూ గొల్లుమన్నారు. మా ఆయన మొహం కందగడ్డ అయింది. గోరు తీసి లాగాడు. అతుకు నిలిచింది. నేను నోరు తెరిచి ఏదో వంక చెప్పబోయేలోగా, "అక్కా, నీళ్లు తాగుదువు రా," అని నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకుపోయింది.

నీళ్ల తొట్టి దగ్గర నిలబడి, గొంతు తగ్గించి మాట్లాడింది. "నందవరంలో తెగిందన్నారంట, కోడుమూరులో ఎడమచెయ్యన్నారంట. చుట్టాల్లో అందరికీ తెలిసిపాయె. నన్నూ బాగల్యాదని పోతారు, నాకు తెలుసు."

నేను తొట్టిలో చెంబు ముంచాను.

"గుంతకల్లులో ఒకాయప్ప ఉన్నాడు. ఇద్దరు పెండ్లాలు సచ్చిరి. రెండో ఆమె యెట్ల సచ్చిందో ఊరంతా తెలుసు. మీరు వద్దంటే వచ్చే వారం నన్ను ఆయప్పకిస్తారు. పెద్దమ్మ మాటిచ్చింది." ఆమె ఏడవలేదు. ఏడిస్తే నాకు సులువుగా ఉండేదేమో. "నీ మొగుడు నాకొద్దక్కా. నీ ఇంట్లో యే మూలనన్నా పడుంటా. నూలు కండెలు సుడతా, గంజి కాస్తా. నన్ను ఈడ్నుంచి తీసకపో."

ఆమె మెడ మీద, జాకెట్టు అంచు దాకా, కాల్చిన మచ్చ ఒకటి ఉంది. పెద్దమ్మ లోపల్నుంచి, "యేం మాట్లాడుతాండారే అంతసేపు?" అని కేకేసింది. ఈరమ్మ భుజాలు ఎట్లా దగ్గరికి ముడుచుకున్నాయో చూశాను. నా చేతిలో ఉన్నది ఎండాకాలంలో మిగిలిన కొన్ని రోజులు. ఆమె చేతిలో అదీ లేదు. అట్లా తూచి చూసుకున్నానని ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు తూచడానికి సమయమెక్కడ? లోపలికి పోయి, "కుంకుమ బరిణె ఇయ్యండి," అన్నాను.

బొట్టు పెట్టేదాకా మా ఆయనకు అర్థం కాలేదు. నా చెయ్యి ఈరమ్మ నుదుటికి తగలగానే ఆయన తలెత్తి చూశాడు. ఎవరో తెలియని ఆడదాన్ని చూసినట్టు చూశాడు. పెదనాన్న ఆయన చేతిలో తాంబూలం పెడితే అందుకుని, "సరే," అన్నాడు. కాశింబీ ఇంట్లో గుడ్డలు మూట కట్టుకుంటుంటే ఆమె కూడా నాతో సరిగా మాట్లాడలేదు. ఎమ్మిగనూరు బస్సులో సగం దారి దాటాక ఒక్కమాట అడిగాడు, "యెందుకు?" అని. గుంతకల్లు మనిషి సంగతి చెప్పాను. మచ్చ సంగతి చెప్పాను. అంతా విని, "మనింట్లో మాత్రం అది యేం సుకపడతాదే?" అన్నాడు. ఆ తర్వాత ఊరొచ్చేదాకా బయటికే చూశాడు. మా ఇద్దరిలో ఎవరిది న్యాయమో ఎన్ని పుస్తకాలు చదివినా నాకు తేలలేదు.

ఆ ఏడు వాన ముందే వచ్చింది. మగ్గం గుంతల్లో నీళ్లూరాయి. పెళ్లి ఇంట్లోనే చేశారు, మేళం లేకుండా. ఈరమ్మ నా వెనకే తిరిగేది. పడుకోవడానికి లోపలి గదిలోకి పొమ్మంటే నా కొంగు పట్టుకునేది. ఏళ్లు గడిచాయి. ఈరమ్మకూ పిల్లలు కాలేదు. మా అత్త ఆలోచించి ఆలోచించి, "ఆదోని నీళ్లలోనే ఉంది. ఇద్దరూ ఆ ఊరోల్లే తగల్డిరి," అని తేల్చింది. మూడో పిల్ల మాట ఎత్తింది కూడా. అప్పుడు ఈరమ్మ జొన్నరొట్టె తడుతూ, "ఈసారి నేను పోతాలే అత్తా సూడను. అక్కకు బొట్టు పెట్టే చెయ్యి ఆగదు," అంది. అత్త మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఈరమ్మా నవ్వుకున్నాం. ఆయన నవ్వలేదు. ఆయన మాతో కటువుగా ఎప్పుడూ లేడు. ఇద్దరికీ ఒకే రంగు చీర తెచ్చేవాడు. కానీ తప్పు తనదేనని లోపల తెలిసిన మనిషి, ఇద్దరు ఆడవాళ్లను ఊరు గొడ్రాళ్లంటుంటే, పగలంతా మగ్గం గుంతలో తలవంచుకుని నేశాడు. పుస్తకాలు తేవడం మాత్రం మానలేదు. నూలు గంప అడుగున పెట్టి, ఏమీ మాట్లాడకుండా నా పక్కన దించి పోయేవాడు.

మొన్న మా మరిది మనవరాలు, ఆమె మొగుడు మోటారు సైకిలు మీద కర్నూలు పోయి ఇద్దరూ పరీక్షలు చేయించుకుని వచ్చారు. లోపం ఆ అబ్బాయిలో ఉందంట, మందులతో పోతుందంట. ఆ అబ్బాయి అందరి ఎదుటా చాయ్ తాగుతూ ఆ మాట చెప్పాడు. అబ్బాయి వాళ్ల అమ్మ, "సరేలే, మాత్రలు మర్చిపోకుండా మింగు," అంది. అంతే. నేను వింటూ కూర్చున్నాను. చిన్న మాట. ఆ చిన్న మాట నోటి నుంచి బయటికి రాకనే మా ఇంట్లో మూడు బతుకులు అట్లా గడిచిపోయాయి. గ్రంథాలయం ఇప్పుడు పెద్ద కట్టడంలోకి మారింది, ఆడపిల్లలు కుర్చీల్లో కూర్చుని దర్జాగా చదువుకుంటున్నారు. మా ఇంట్లో గుంతలు పూడ్చేసి బండలు పరిచారు. ఎండాకాలం మధ్యాహ్నం కాళ్లు పెట్టుకోవడానికి చల్లని చోటు లేదు.

ఆ ఎండాకాలం తర్వాత నేనూ ఆయనా ఇద్దరమే కలిసి బస్సెక్కింది ఇంకొక్కసారే. ఆయనకు దగ్గు ముదిరి, కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. ఇల్లు చూసుకోవడానికి ఈరమ్మ ఆగిపోయింది. మధ్యాహ్నం బస్సు కోడుమూరులో చాలాసేపు ఆగింది. కిటికీ దగ్గర కళింగర ముక్కలు అమ్ముతున్నారు. ఆయన వాటివైపు చూసి, ఎవరితోనో అన్నట్టు, "ఆదోని తర్వాత ఇంగా రెండూర్లు ఉండె మనం పోవల్సినవి," అన్నాడు.

అన్నేళ్లలో ఆయన ఆ మాట ఎత్తడం అదే మొదలు. "ఉండె," అన్నాను.

"ఈరమ్మ మంచిది. దాన్నంటాండేది కాదు."

"తెలుసు."

"ఆడ ఆగకుంటే ఇంగా రెండూర్లు తిరుగుతుంటిమి," అన్నాడు.

"ఇప్పుడు పోదాంలే. నీకు పిల్లను సూద్దాం," అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వబోయాడు కూడా, దగ్గు అడ్డమొచ్చింది. దగ్గు తగ్గేదాకా వీపు నిమిరాను. అంతలో బస్సు కదిలింది, దుమ్ము లోపలికి కొట్టింది, ఆయన మీదుగా వంగి కిటికీ మూశాను.